60 మీటర్ల డోమ్, 75 మిల్లీమీటర్ల మందం

హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు చూడండి. ఆకారం అక్కడక్కడ కాస్త తప్పినా, ఆ రాతికట్టు మందమే కాపాడుతుంది. కాంక్రీటు షెల్‌కు, అంటే పెంకులా వంపు తిరిగిన పలచటి పైకప్పుకు, ఆ వెసులుబాటు లేదు.

60 మీటర్ల స్పాన్ (అంచు నుంచి అంచుకు దూరం), 10 మీటర్ల ఎత్తు, 75 మి.మీ. మందం ఉన్న డోమ్ అనుకుందాం. వంపు వ్యాసార్ధం 50 మీటర్లు. దామాషాలో ఇది కోడిగుడ్డు పెంకు కన్నా దాదాపు పదింతలు పలచన. చదరపు మీటరుకు సొంత బరువు 187 కిలోలు, లైవ్ లోడ్ (మనుషులు, పనుల బరువు) 75, మొత్తం 262. దీనివల్ల కాంక్రీటులో పుట్టే ఒత్తిడి చదరపు మి.మీ.కు సుమారు 1 న్యూటన్. ఎం25 గ్రేడు కాంక్రీటుకు (బలం చదరపు మి.మీ.కు 25 న్యూటన్లు) ఇది లెక్కలోకే రాదు. ఈ అంకె చూసి ధీమాగా ఉంటేనే చిక్కు. ఇంత పలచటి షెల్ నలిగిపోదు, బకిలింగ్‌తో సొట్టపడి ఒక్కసారిగా లోపలికి తిరగబడుతుంది.

1915 నాటి జోయెలీ సూత్రం ప్రకారం బకిలింగ్ భారం: 1.18 × కాంక్రీటు ఇలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు) × (మందం/వ్యాసార్ధం) వర్గం. ఎం25కి మాడ్యులస్ చదరపు మి.మీ.కు 25,000 న్యూటన్లు. జవాబు చదరపు మీటరుకు దాదాపు 6,600 కిలోలు. పాతిక రెట్ల భద్రత! ఇక కోతలు మొదలుపెట్టండి. కాంక్రీటు పోసిన 28వ రోజు లోడ్ పడితే, భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం క్రీప్ (భారం కింద కాలక్రమేణా కుంగడం) గుణకం 1.6. దానికి 1 కలిపి 2.6తో భాగించాలి: 2,550. సెంట్రింగ్‌లో (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే తాత్కాలిక ఆసరా) ఆకారం మందమంత, అంటే 75 మి.మీ. తేడా వస్తే ఐదో వంతే మిగులుతుంది: 510. పగుళ్లకు సగం పోతే 255. మనం మోయాల్సింది 262.

ఇది ముతక లెక్కే, కానీ దారి చూపిస్తుంది. తొందరపడి 7వ రోజే సెంట్రింగ్ విప్పితే గుణకం 2.2, చివరి అంకె 206కి పడిపోతుంది. 1970లో అమెరికాలోని వర్జీనియాలో ఒక హైస్కూల్ జిమ్ పైకప్పు (అది డోమ్ కాదు, గుర్రపు జీనులా వంపు తిరిగిన హైపర్బాలిక్ పారబొలాయిడ్ షెల్) క్రీప్‌తో ఏళ్లతరబడి కుంగి, చివరికి కూలింది.

బరువు పెంచే ఇంకో అలవాటు ఉంది. లీకేజీకి మన దగ్గర అలవాటైన మందు బ్రిక్ బ్యాట్ కోబా, అంటే ఇటుక ముక్కలు, మోర్టార్ పొర. 100 మి.మీ. వేస్తే చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున అదనం, అంటే షెల్ మీద ఇంకో షెల్ పెట్టినట్టే. పలచటి వాటర్‌ప్రూఫింగ్ మెంబ్రేన్ చాలు.

డోమ్ అంచును చుట్టి పట్టుకునే రింగ్ బీమ్ మరో కథ. ఈ డోమ్‌కి అందులో దాదాపు 175 టన్నుల లాగుడు. స్టీలులో చదరపు మి.మీ.కు 230 న్యూటన్ల ఒత్తిడికి లెక్కేస్తే 25 మి.మీ. రాడ్లు 16 కావాలి. ల్యాపులన్నీ (రాడ్ల అతుకులు) ఒకేచోట పెట్టకూడదు. బీమ్ సాగితే షెల్ అంచు వంగుతుంది, కాబట్టి చివరి నాలుగైదు మీటర్లు 150 మి.మీ. దాకా మందం పెంచి, రెండు వైపులా స్టీలు వేయాలి.

బెర్లిన్ కాంగ్రెస్ హాల్ (1957) పైకప్పులో కొంత భాగం 1980లో కూలింది తుప్పు పట్టిన ప్రీస్ట్రెస్ తీగల (ముందే బిగించి లాగిన ఉక్కు తీగలు) వల్లే, ఒకరు చనిపోయారు. 2004లో పారిస్ చార్ల్స్ డి గాల్ విమానాశ్రయం 2ఈ టెర్మినల్‌లో 300 మి.మీ. మందం ఉన్న షెల్లోకి బయటి స్టీలు స్ట్రట్లు (ఆనుడు కడ్డీలు) గుచ్చుకుపోయాయి, నలుగురు చనిపోయారు. మందం ఉన్నా కిటికీల కంతలు, తక్కువ స్టీలు దెబ్బతీశాయి.

సెంట్రింగ్ విప్పేటప్పుడు నడి శిఖరం నుంచి అంచుల వైపు, రింగ్ చుట్టూ సమానంగా, కొద్దికొద్దిగా దించాలి. రింగ్ బీమ్ కింది ఆసరా అన్నిటికన్నా చివర.