స్కోరు కాగితం వెనుక

ఉదయం 8 గంటల మాత్ర కోసం అమ్మ మందుల డబ్బాను నేను తెరిచినప్పుడు, మూత లోపల అతికించిన వేళల పట్టిక ఊడి చేతిలోకి వచ్చింది. తిరిగి అంటించబోతూ వెనక్కి తిప్పి చూస్తే, అది విదేశాలకు వెళ్లడానికి మా ఆయన రాసిన ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు కాగితం నకలు.

ఆస్ట్రేలియా వలస వీసాకు ఆ స్కోరు చెల్లేది మూడేళ్లు. గడువు నిన్నటితో ముగిసింది.

అమ్మకు పార్కిన్సన్స్. లెవోడోపా మాత్ర అరగంట ఆలస్యమైతే ఆమె చేయి గుండీ దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఆ అరగంటను ఎవరికో అప్పగించి దేశం దాటడం నా వల్ల కాదని నేను, ఇంకెన్నాళ్లని ఆయన, ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు వాదించుకుని ఎన్నిసార్లు మాటలు మానేశామో లెక్క లేదు. 33 నిండితే ఆస్ట్రేలియా వీసా లెక్కలో వయసు పాయింట్లు 30 నుంచి 25కు పడిపోతాయని ఆయన అన్నప్పుడల్లా, అమ్మ వయసుకు పాయింట్లు ఎవరు వేస్తారని నేను ఎదురు అడిగేదాన్ని. అది న్యాయమైన ప్రశ్న కాదని అప్పుడూ తెలుసు.

పట్టికలోని చేతిరాత ఆయనదే. మధ్యాహ్నపు మాత్ర పక్కన ‘భోజనానికి అరగంట ముందు’ అని రాసి, కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు. ఆ కాగితాన్ని కోపంతో వాడారో, ఆశ వదులుకుని వాడారో, ఊరికే చేతికి అందిందని వాడారో అడుగుదామనుకునేలోపే, “అత్తయ్యకు మాత్ర వేశావా?” అని వంటింట్లోంచి ఆయనే అడిగారు.

వేశానన్నాను. గడువు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. వేళలే పైకి కనబడేలా కాగితాన్ని మళ్లీ అంటించాను.