బుడమేరును ఏలూరు కాల్వలో కలిపేశాను

నిన్న నా ఎంటెక్ ప్రాజెక్టు రిపోర్టు మీద సంతకం పడింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి ఇంట్లోకొస్తే మూడు రాత్రులు మేడ మీదే ఉన్నాం. అందుకే ప్రాజెక్టుకి బుడమేరు వాటర్‌షెడ్డే, అంటే ఆ ఏట్లోకి వాననీళ్లు చేరే ప్రాంతమే తీసుకున్నా. కొండ మీద పడ్డ వాన ఎంతసేపట్లో మనదాకా వస్తుంది, ఎగువన ఏం చేస్తే ఆ పరుగు తగ్గుతుంది అన్నది లెక్క.

ఎత్తుల డేటా ఫ్రీగా దొరికింది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వాగులు గీయించడం ఒక్క మధ్యాహ్నం పని. పిల్లవాగు ఒకటో ఆర్డరు, అలాంటివి రెండు కలిస్తే రెండో ఆర్డరు. మైలవరం వైపు కొండల్లో వాగులు ఆకు ఈనెల్లా ముచ్చటగా వచ్చాయి. వర్షపాతం లెక్కలకి మాత్రం ఒక ఆఫీసు నాలుగుసార్లు తిప్పించుకుని, అంకెలు చెరిగిపోయిన జిరాక్సులు చేతిలో పెట్టింది. వాళ్ల దగ్గరికెళ్తే టిఫిన్ చేసి వెళ్లండి.

ఇక రివ్యూ. బయటినుంచి వచ్చిన సార్ నా మ్యాప్ మీద వేలు పెట్టి, "ఏమ్మా, బుడమేరు ఏలూరు కాల్వలో కలుస్తుందా?" అన్నారు.

"అవును సార్." ఎంత ధీమాగా అన్నానో!

"మీ ఇల్లెక్కడ?"

"సింగ్‌నగర్ సార్."

"ఇల్లు మునిగాక కూడా ఏరు ఎటు పోతుందో కనుక్కోలేదన్నమాట."

హాలంతా నవ్వు. ముందు వరసలో నా జూనియర్లు. చేతిలో పాయింటర్ వణుకుతుంటే ఆ ఎర్రచుక్క గోడ మీద గంతులేసింది. మా గైడ్‌గారు తన ఫోన్ చూసుకుంటున్నారు. ఆ మ్యాప్ మూడు నెలల ముందు ఆయన ఓకే చేసిందే.

మర్నాడే ఏరు, కాల్వ ఎదురయ్యే ఎనికేపాడు వెళ్లా. కాల్వ గట్టు మీద, కాల్వ చూసుకునే లస్కరు ఒకాయన కనిపించాడు. ఒక అరచెయ్యి మీద ఇంకో అరచెయ్యి అడ్డంగా పెట్టి, "పైన కాల్వ, కింద ఏరు. అండర్ టన్నెల్ అమ్మా. మీ పటంలో లేదా?" అన్నాడు. లేదు. ఆ డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు. దానికి పైకి కనిపించే ఎత్తే తెలుసు. గట్టు అడ్డొస్తే సాఫ్ట్‌వేర్ ఆ పల్లాన్ని నింపేసి, ఏరుని పక్కకి తిప్పేస్తుంది. చుట్టూ చదును నేలేమో, అక్కడ వాగులన్నీ దువ్వెన పళ్లలా గీసింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

టన్నెల్ మూతి దగ్గర గుర్రపుడెక్క పరుపులా పట్టి ఉంది. కొల్లేరుకి పోవాల్సిన నీళ్లు ఆ గొంతులోంచే దిగాలి. ఎగువన వెలగలేరు దగ్గర ఏటి నీళ్లు మళ్లించే డైవర్షన్ ఛానెల్ ఉందిగా అంటారు. అది కలిసేది కృష్ణలో. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే అందులోకి ఏం తోస్తాం?

ఏరు దారి వెంట ఎత్తులు చేత్తో తగ్గించి, మళ్లీ రన్ చేశా. ఈసారి సరిగ్గా వచ్చింది. మా బ్యాచ్‌లో ఏటిగట్టు నడిచి చూసింది నేనొక్కదాన్నే, రాసుకోండి.

నేల పరీక్షకి రెండు ఇనుప రింగులు దిగ్గొట్టి నీళ్లు పోశా. ఎగువ ఎర్రనేల తాగుతూనే ఉంది. కింద నల్లరేగడి మొదట నెర్రెల్లోకి గుటగుటా మింగి, నానాక చుక్క దిగనివ్వలేదు. అందుకే కొండవాలు మీద కందకాలు, చిన్నవాగులకి రాళ్లకట్టలు రాశా. కింద ఇంకుడు చెరువులు వద్దన్నా. గైడ్‌గారు ఆ పేజీ చదవకుండానే సంతకం పెట్టారు.