హిట్స్‌విల్ ఇంట్లో మూడు గొంతులు

డెట్రాయిట్ వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు రోడ్డు మీంచి చూస్తే మామూలు కాపురాల ఇల్లే. ముందు ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అన్న అక్షరాలు లేకపోతే దాటి వెళ్ళిపోతాం. ఇంట్లోవాళ్ళు కూడబెట్టుకున్న పొదుపు నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని బెర్రీ గోర్డీ 1959లో మోటౌన్ అనే పాటల రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు, ఆ ఏడాదే ఈ ఇల్లు కొన్నాడు. 1972 దాకా ఇక్కడ పాటలు రికార్డయ్యాయి. 1985లో ఆయన అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ దీన్ని మ్యూజియంగా మార్చింది. మేము వెళ్ళింది ముఖ్యంగా మోటౌన్‌లో పాడిన అమ్మాయిల బృందం సుప్రీమ్స్ కోసం: డయానా రాస్, మేరీ విల్సన్, ఫ్లోరెన్స్ బల్లార్డ్.

డెట్రాయిట్ శివార్లు ఫార్మింగ్టన్ హిల్స్, నోవై వైపు మనవాళ్ళు చాలామంది ఉంటారు. అటునుంచి వచ్చేవాళ్ళకి లాడ్జ్ ఫ్రీవే, అంటే ఎం-10, సుఖమైన దారి. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ ఎగ్జిట్‌లో దిగితే దగ్గరే. టికెట్ టైముతో సహా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. శనివారం నేరుగా వెళ్ళి తలుపు దగ్గర అడిగితే దొరక్క వెనుదిరిగే వాళ్ళే ఎక్కువ. లోపల గైడ్ వెంట గుంపుగా తిరగాలి, సుమారు గంట పడుతుంది. ఫొటోలు తీయనివ్వరు. పాత ఇల్లు కాబట్టి మెట్లుంటాయి, గదులు ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు టికెట్ కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

అందరూ ముందు ఆగేది సుప్రీమ్స్ గౌన్ల దగ్గర. అద్దం వెనక పూసలు, చెమ్కీలు మెరుస్తుంటాయి, కానీ వాటి మీద పడే వెలుతురు తక్కువ. అది పొదుపు కోసం కాదు. ఎక్కువ వెలుగు తగిలితే పట్టు నేత బలం పోతుంది, రంగు వెలుస్తుంది. అందుకే పాత బట్టల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటనివ్వకూడదని మ్యూజియంల వాళ్ళ లెక్క. పూసల గౌనుకు ఇంకో గండం దాని బరువే. హ్యాంగర్‌కు తగిలిస్తే బరువంతా భుజాల కుట్ల మీద పడి దారం సాగుతుంది, ఒక చోట తెగితే పూసలు వరసగా జారిపోతాయి. బొమ్మకు తొడిగినా లోపల మెత్తలు పెట్టి బరువు నడుము మీదికీ పంచాలి, దాచేటప్పుడు పరిచి దాచాలి. మగ్గం వర్క్ జాకెట్టును, జర్దోసీ చీరను బీరువాలో ఏళ్ళ తరబడి వేలాడదీసిన ఇళ్ళలో ఏమవుతుందో తెలిసినవాళ్ళకి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. బృందం గౌన్లను ఏళ్ళపాటు పోగుచేసి కాపాడింది మేరీ విల్సన్. 2008లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఒక ప్రదర్శనగా నిలిచాయి. ఆమె 2021 ఫిబ్రవరిలో పోయింది.

అయితే గౌన్లు ఈ కథకు చివరి మెట్టు. మ్యూజియం వాటితో మన కళ్ళు చెదరగొడుతుంది గానీ, మనం వెనక్కి నడుస్తూ చూడాలి.

1961 జనవరిలో మోటౌన్‌తో సంతకం పెట్టినప్పుడు ఈ అమ్మాయిలు ఇంకా స్కూలు పిల్లలు. అంతకుముందు పేరు ప్రైమెట్స్. ఇచ్చిన పేర్లలోంచి ‘సుప్రీమ్స్’ అన్నదాన్ని ఎంచింది ఫ్లోరెన్స్. మొదటి ఆరు రికార్డులు హిట్ పాటల పట్టికలో టాప్ 40 దరిదాపులకు రాలేదు. కంపెనీలోనే ‘నో-హిట్ సుప్రీమ్స్’ అనే మాట పడ్డారు. ఆ రోజుల్లో ఇతరుల పాటలకు చప్పట్లు కొట్టారు, వంత పాడారు. ఆ చప్పట్లు కొట్టిన చోటే స్టూడియో ఎ. కొన్ని మెట్లు దిగితే వస్తుంది. పైకప్పు నుంచి వేలాడే తీగల వల్ల ‘స్నేక్‌పిట్’ అని పిలిచేవారు. పక్కనున్న కంట్రోల్ రూమ్‌లో నేల అరిగి ఉంటుంది. పాట వింటూ పాదంతో తాళం వేసి వేసి అరగదీసిన చోటు అది. మాకు ఏ గౌను కంటే ఆ అరుగుదలే ఎక్కువ చెప్పింది.

1964లో జాతకం మార్చిన పాట ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ నిజానికి మోటౌన్‌లోనే ఉన్న మరో అమ్మాయిల బృందం మార్వెలెట్స్ వద్దన్నది. వాళ్ళ గొంతుకు సరిపడా కట్టిన శ్రుతి కాబట్టి డయానా తన అలవాటు కంటే కింద స్థాయిలో పాడాల్సి వచ్చింది, ఆ కిందిస్థాయి మెత్తదనమే జనానికి నచ్చింది. పాట మొదట్లో వినబడే టకటక డ్రమ్ము కాదు, చెక్క పలకల మీద కాళ్ళతో తొక్కిన చప్పుడు. ఆ వేసవిలో ఊరూరా తిరిగే బస్సు ప్రదర్శనలో వీళ్ళ పేరు పోస్టరు మీద కూడా లేదు, ‘ఇతరులు’లో కలిపేశారు. ఆగస్టులో ఆ పాట మొదటి స్థానానికి చేరింది. దాంతో కలిపి వరసగా 5, మొత్తం 12 పాటలు అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచాయి.

అటక దగ్గర తొందరపడకండి. అక్కడి చిన్న గదే ఎకో చాంబర్. స్టూడియోలో పాడిన గొంతును తీగ ద్వారా పైకి పంపి ఆ గదిలో స్పీకరులో వినిపించేవారు. గట్టి గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని అక్కడి మైకు పట్టి కిందికి పంపేది, దాన్ని అసలు గొంతుతో కలిపేవారు. ఎక్కువ కలిపితే మాట మసకబారుతుంది, తక్కువైతే గొంతు పొడిగా ఉంటుంది. గైడ్ మిమ్మల్ని పైకప్పులోని రంధ్రం కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటారు. పక్కకు ఒక అడుగు వేసి మళ్ళీ కొట్టి చూడండి, తేడా చెవికి దొరుకుతుంది.

బుర్రకథ చూసినవాళ్ళకు ముగ్గురి అమరిక కొత్త కాదు: మధ్యలో కథకుడు, ఇరుపక్కలా వంతలు. తేడా ఏమిటంటే ఇక్కడి వంతలు తిరిగి అందుకోవడంతో ఆగరు, అదే క్షణంలో వేరే స్వరంలో పాటను కింద నుంచి మోస్తారు. 1967లో డయానా పేరు బృందం పేరుకు ముందు చేరింది. అదే ఏడాది ఫ్లోరెన్స్ స్థానంలోకి సిండీ బర్డ్‌సాంగ్ వచ్చింది. పాత రికార్డులు వినేటప్పుడు ఫ్లోరెన్స్, మేరీల వైపు చెవి పెట్టండి. ఆ ఇద్దరినీ తీసేస్తే పాట సగం కూలిపోతుంది.

మ్యూజియం అయ్యాక గంట మిగిలితే ఐ-75 పక్కన బ్రూస్టర్-డగ్లస్ ఇళ్ళున్న చోటుకు వెళ్ళండి. నల్లజాతివారి కోసం ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో కట్టిన తొలి ఇళ్ళు బ్రూస్టర్‌వే, 1938లో తెరిచారు. ముగ్గురూ ఆ కాలనీలో పెరిగారు. చివరి టవర్లను 2013-14లో పడగొట్టారు. ఫ్లోరెన్స్ 1976 ఫిబ్రవరిలో 32 ఏళ్ళకే పోయింది. సమాధి పక్క ఊరు వారెన్‌లోని డెట్రాయిట్ మెమోరియల్ పార్క్‌లో ఉంది. పూలు తీసుకెళ్ళాలనుకుంటే దారిలోనే కొనుక్కోండి.