పెళ్లిలో టాటూ కనబడాలా, కప్పెయ్యాలా? మా చెల్లి అడిగింది కాబట్టి రాస్తున్నా

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి మా చిన్నమ్మ కూతురు మెసేజ్ పెట్టింది, అక్కా నా పెళ్లికి టాటూ కవర్ చేయించుకోవాలంటావా, అలాగే వదిలెయ్యాలంటావా, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ అని. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతా, అందుకే కూర్చుని రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తే ఇంకా మంచిది.

నాకు రెండు టాటూలున్నాయి. ఒకటి మెడ వెనకాల, ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్‌లో ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి వేయించుకున్న నెలవంక. రెండోది కుడి మణికట్టు మీద, రూపాయి బిళ్ళంత, అయిదు చుక్కల మెలిక ముగ్గు. మా అమ్మది. నల్లకుంటలో మేమున్న పోర్షన్ గడప ముందు ఆదివారాలు కచ్చితంగా ఈ ముగ్గే వేసేది, పాత డైరీలో పెన్నుతో వేసి పెట్టుకుంది కూడా, ఆ పేజీ తీసుకెళ్లి ట్రేస్ చేయించి వేయించుకున్నా. అమ్మ 2018లో పోయింది.

పెళ్లి కుదరగానే మా మేనత్త మొదలుపెట్టింది. "పిల్లగాని తరఫోళ్లు పెద్దోళ్లు, పీటల మీద అది కనబడితే ఏమనుకుంటరే" అని. నిజం చెప్పాలంటే అత్తమ్మ వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు, నిశ్చితార్థానికే చూశారు, ఏం ముగ్గమ్మా అని అడిగి ఊరుకున్నారు. ఆయన్ని అడిగితే నీ ఇష్టం అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. ముహూర్తం పెట్టడానికొచ్చిన పంతులుగారిని నేనే అడిగేశా, టాటూతో పీటల మీద కూర్చుంటే ఏమన్నా దోషమా అని. దోషమేం లేదమ్మా, ఇన్నేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదు అన్నారాయన. అయినా మేనత్త వినలేదు.

అప్పుడు నేను నాయనమ్మని లాగాను మధ్యలోకి. ఆమెది సూర్యాపేట దగ్గర పల్లె, రెండు ముంజేతుల మీదా పచ్చబొట్లున్నాయి, ఒక చేతి మీద తేలు, ఇంకో చేతి మీద చుక్కల వరుస, చర్మం ముడతలు పడిపోయి ఆ తేలు ఇప్పుడు ఏదో ఆకులాగా కనబడుతుంది. ఆమె కచ్చితంగా నా వైపే మాట్లాడుతుందనుకున్నా. నీకూ ఉన్నాయి కదా నాయనమ్మా, నువ్వు చెప్పు అత్తకి అన్నా. ఆమె చెయ్యి నిమురుకుంటూ చాలాసేపు ఊరుకుని చెప్పింది. "నాకు ఎనిమిదేండ్లుంటయి బిడ్డా. ఎరుకలామె వచ్చింది వాడకు. మా అమ్మ చెయ్యి గట్టిగ పట్టింది, మా చిన్నమ్మ కాళ్లు పట్టింది, సూదుల కట్ట ముంచి ముంచి పొడుస్తుంటే ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది. మీద పసుపు రుద్దిన్రు. పచ్చ లేకుంటే అత్తగారింట్ల మాటంటరని పొడిపిచ్చిన్రు, గిప్పుడేమో ఉంటే మాటంటరంటున్రు. నన్నయితే ఎవ్వరడగలే. నిన్ను నేనడుగుతున్న, నీకేం గావాలె?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా మేనత్త దాచమంటుంది కాబట్టి నేను చూపిస్తా అన్న మొండితనమే తప్ప నాకు ఏం కావాలో నేను కూర్చుని ఆలోచించిందే లేదు. రెండు రోజులు పట్టింది. ఆలోచిస్తే రెండు టాటూలకీ ఒకే జవాబు ఎందుకుండాలి అనిపించింది. ముగ్గు ఉండాలి. ఎందుకంటే అమ్మ లేదు కాబట్టి నాన్న ఒక్కరే పీటల మీద కూర్చోకూడదన్నారు, కన్యాదానం బాబాయ్, చిన్నమ్మ చేస్తారని తేలిపోయింది, నీళ్లు పోయాల్సిన చెయ్యి అమ్మది, అది అక్కడ ఉండదు, కనీసం ఆ నీళ్లు పడే చోట అమ్మ ముగ్గన్నా ఉండాలి అనుకున్నా. నెలవంక మాత్రం వద్దనుకున్నా. ఆ ముగ్గురిలో ఒకమ్మాయితో నాకు మాటల్లేవు, చాలా బాధపడి తెగిపోయిన స్నేహం అది, పుస్తె కట్టే టైమ్‌లో జడ పైకెత్తుతారు కదా, ఆ క్షణంలో అందరికీ కనబడేది మెడే, అక్కడ ఆ గుర్తు వద్దు. సిగ్గుపడి దాయలేదు. మేనత్త కోసం అసలే దాయలేదు.

ఇక పని సంగతి. గాజులు వేస్తే మణికట్టు టాటూ కనబడదులే అని చాలామంది అంటారు, నమ్మకు. జీలకర్ర బెల్లం పెట్టడానికి చెయ్యి లేపగానే గాజులన్నీ మోచేతి వైపుకి జారిపోతాయి, కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. మేకప్‌తో కప్పుదామన్నా మణికట్టు కష్టమే, కన్యాదానంలో నీళ్లు పోస్తారు, పసుపు, అక్షింతలు, తలంబ్రాలు, హోమం దగ్గర చెమట. మెడ వెనకాలైతే పూలజడ రాపిడి, చెమట తప్ప పెద్ద ఇబ్బంది లేదు. మా మేకప్ ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చింది, ట్రయల్ మాత్రం పెళ్లికి మూడు వారాల ముందే చేసింది. టాటూ ఇంక్ నల్లగా వేసినా ఏళ్లు గడిస్తే నీలంగా, పచ్చగా కనబడుతుంది కదా, దాని మీద నేరుగా ఫౌండేషన్ పూస్తే బూడిద రంగులో కనబడుతుంది, అందుకని ముందు ఆరెంజ్, ఎరుపు కలిసిన కరెక్టర్ వేసి నీలాన్ని చంపాలి, తర్వాత ఒంటి రంగు కన్సీలర్, తర్వాత పౌడర్. రుద్దకూడదు, స్పాంజ్‌తో అద్దాలి, ప్రతి పూతా ఆరాకే ఇంకోటి. ఇంకో మంచి పని చేసిందావిడ, ట్రయల్ అయ్యాక నన్ను ఫ్యాన్ ఆపేసి గంటసేపు కూర్చోబెట్టి, తర్వాత తెల్ల కర్చీఫ్‌తో ఒత్తి చూసింది. మధుపర్కాలు తెల్లవి కదా, మరక అంటితే అంతే. మంగళస్నానం అయ్యాకే వేయించుకోవాలి, ఇది చెప్పక్కర్లేదనుకుంటా. కొత్త టాటూ అయితే పూర్తిగా మానేదాకా దాని మీద ఏమీ పూయొద్దు.

మెహందీతో కప్పేస్తాం అని కూడా అంటారు. మెహందీ పై చర్మానికే అంటుతుంది, రెండు వారాల్లో పోతుంది, టాటూ ఇంక్ కింద పొరలో ఉంటుంది, కాబట్టి ఎర్రగా పండిన మెహందీలోంచి కూడా నల్ల గీతలు మసకగా కనబడి రెండూ చెడతాయి. మా మెహందీ అమ్మాయి ముందు ముగ్గు మీద నుంచే గీద్దామని కోన్ పెట్టబోయింది, వద్దన్నా, చుట్టూ వేలు మందం ఖాళీ వదిలేసి దాని చుట్టూ రేకులు వేసింది. చాలా బావచ్చింది.

లేజర్ గురించి మాత్రం తొందరపడొద్దు. మా ఆఫీస్ అమ్మాయి పెళ్లికి రెండు నెలల ముందు వెళ్తే స్కిన్ డాక్టర్ వద్దని పంపించేసింది. ఒక్కో సిట్టింగ్‌కి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు గ్యాప్ కావాలి, అలాంటివి చాలా పడతాయి, మన చామనఛాయ ఒంటికి తెల్ల మచ్చలో నల్ల మచ్చలో వచ్చే రిస్క్ కూడా ఉంది.

పెళ్లి రోజు సంగతి ఎక్కువ రాయను. జీలకర్ర బెల్లం టైమ్‌కి చెయ్యి లేపితే గాజులు జారాయి, తమలపాకులోంచి బెల్లం పాకం కారి ముగ్గు మీదకొచ్చింది, పక్కకి చూస్తే నాన్న నా మొహం వైపు కాదు, నా చెయ్యి వైపే చూస్తున్నారు. మేనత్త కూడా అక్కడే ఉంది, ఏడుస్తూ అక్షింతలు వేసింది.

అసలు నాకు కోపమొచ్చింది రెండు నెలల తర్వాత. ఆల్బమ్ డిజైన్ పంపించారు, ఆ జీలకర్ర బెల్లం ఫొటో రెండు పేజీల మీద పెద్దగా వేశారు, చూస్తే నా మణికట్టు నున్నగా ఉంది. ముగ్గు లేదు. బెల్లం కూడా తుడిచేశారు. ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి అడిగితే "మేడమ్, పెళ్లికూతుళ్లవి టాటూలు, మొటిమలు మామూలుగా తీసేస్తాం, ఎవరూ ఏమనరు" అన్నాడాయన, చాలా మర్యాదగానే. ఇంట్లో అంత గొడవ పడి, నాయనమ్మ అడిగి, నేను తేల్చుకున్నది, నన్ను అడక్కుండా కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరో రెండు నిమిషాల్లో తీసేశారు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఒరిజినల్ తోనే వెయ్యండి అని రాతపూర్వకంగా మెయిల్ పెట్టి పేజీ మార్పించా. కాబట్టి చెల్లీ, ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పు, ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అని, వాట్సాప్‌లో రాసి పెట్టు.

నీది భుజం కింద సీతాకోకచిలుక కదా. నీకు దాయడమే ఇష్టమైతే మేకప్ ఖర్చు కూడా అక్కర్లేదు, బ్లౌజ్‌కి మోచేతి దాకా చేతులు పెట్టించుకో, చూపించాలనుకుంటే పొట్టి చేతులు పెట్టించుకుని వంకీ టాటూ కంటే పైన వచ్చేలా చూసుకో. మగ్గం వర్క్ మొదలయ్యాక చేతుల పొడుగు మార్చలేరు, అందుకని ముందు నువ్వు తేల్చుకో, చిన్నమ్మ కాదు, మీ అన్నయ్య కాదు. ఆదివారం కొలతలకి వెళ్తున్నామన్నావు, నన్ను కూడా పిలువు, ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి పదకొండుకల్లా వచ్చేస్తా.