పచ్చగా మెరిసిందల్లా తెల్లమచ్చ కాదు

ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల రైతులు గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేముందు, తెల్లమచ్చ జబ్బు తెచ్చే వైరస్ ఉందేమోనని దాని డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి చూసే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. అక్కడ తీర్పు చెప్పేది చాలాసార్లు ఒక రంగే. సైబర్ గ్రీన్ అనే ఆ రంగు జంట పోగుల డీఎన్ఏకు అంటుకున్నాకే గట్టిగా వెలుగుతుంది. 497 నానోమీటర్ల కాంతి పడితే 520 దగ్గర పచ్చగా. చిక్కల్లా, అది ఎవరి డీఎన్ఏ అని చూడదు. పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు, ఒకదానికొకటి అతుక్కున్నా అదే పచ్చదనం. అందుకే మెల్ట్ కర్వ్ (వేడి పెంచుతుంటే ఏ డిగ్రీ దగ్గర డీఎన్ఏ పోగులు విడిపోతాయో చూపే గీత) చూడకుండా పాజిటివ్ అని రాయకండి, రైతు సీడంతా పారబోసుకుంటాడు! వైరస్ ఉందని ముందే తెలిసిన పాజిటివ్ కంట్రోల్ శిఖరం ఏ డిగ్రీ దగ్గర ఉందో శాంపిల్‌దీ అక్కడే రావాలి. తక్కువ వేడి దగ్గర పొట్టిగా వచ్చి, ఉత్త నీళ్ల ట్యూబులోనూ కనబడితే అది ప్రైమర్ల జంటే.

డీఎన్ఏను కరెంటుతో జెల్‌లో నడిపి చూసేవాళ్లు 100 మి.లీ. అగరోజ్ (జెల్ పదార్థం) 60 డిగ్రీలకు చల్లారాక 10 మి.గ్రా./మి.లీ. ఇథిడియం బ్రోమైడ్ అనే రంగు 5 మైక్రోలీటర్లు కలపండి, నైట్రైల్ గ్లౌజులతోనే. ఈ రంగు డీఎన్ఏకు ఎదురు దిక్కున నడుస్తుంది. ఎక్కువసేపు నడిపితే కింది చిన్న బ్యాండ్లు (డీఎన్ఏ గీతలు) వెలవెలబోయి, జబ్బున్న సీడ్ నెగటివ్‌గా కనబడుతుంది. అనుమానం వస్తే జెల్‌ని అదే రంగు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి మళ్లీ చూడండి.

అన్నట్టు, రొయ్య పిల్లలు పెద్దవైతే కళ్లు తీసేశాకే నూరండి. కళ్లలోని పదార్థం పీసీఆర్‌నే ఆపేస్తుంది.