గవర్నరుకీ సెనేటరుకీ మధ్య మన ప్రెసిడెంటు

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని డ్యూక్ యూనివర్సిటీలో చదివిన తెలుగువాళ్ల సంచికకి రాయమంటే చాలామంది బాస్కెట్‌బాల్ గురించో మొదటి చలికాలం గురించో రాస్తారు. నేను టెర్రీ శాన్‌ఫర్డ్ గారి గురించి రాస్తాను. ఇప్పటి పిల్లలకి శాన్‌ఫర్డ్ అంటే పబ్లిక్ పాలసీ స్కూలు, అంతే. మేం 80ల మొదట్లో చేరినప్పుడు ఆయన మా ప్రెసిడెంటు, మన లెక్కలో వైస్ చాన్సలర్. అంతకుముందు ఇదే రాష్ట్రానికి గవర్నరు, తర్వాత సెనేటరు. ఇక్కడి గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నరు కాదు, ముఖ్యమంత్రి లాంటివాడు. ఓట్లతో గెలవాలి, ప్రభుత్వం నడపాలి.

ఊరు లారిన్‌బర్గ్, పుట్టింది 1917లో. ఎఫ్‌బీఐలో కొన్నాళ్లు చేసి, యుద్ధంలో పారాట్రూపర్‌గా వెళ్లి, ఇటలీలోనూ ఫ్రాన్స్‌లోనూ పోరాడి వచ్చి, లా పూర్తి చేశారు. అన్నట్టు చదివింది మన దగ్గర కాదు, పక్కనున్న చాపెల్ హిల్‌లో, మన ప్రత్యర్థి నార్త్ కరొలైనా యూనివర్సిటీలో. మ్యాచ్ రోజుల్లో ఆ విషయం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

1960లో గవర్నరు పదవికి పార్టీ అభ్యర్థిని తేల్చే డెమోక్రాటిక్ ప్రైమరీ రనాఫ్ (రెండో రౌండు)లో ఆయనకి ఎదురు నిలబడింది బెవర్లీ లేక్, నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టకూడదన్న మనిషి. శాన్‌ఫర్డ్ మాత్రం బడులు బాగుచేయడమే నా పని అని ప్రచారం చేసి గెలిచారు. ఆ తర్వాత దేశాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పార్టీ మహాసభలో రాష్ట్రం ప్రతినిధుల్లో ఎక్కువమంది లిండన్ జాన్సన్ వైపుంటే, ఈయన కెన్నెడీకి మద్దతుగా లేచి మాట్లాడారు. దక్షిణాదిలో ఒక క్యాథలిక్ తరఫున నిలబడ్డం అప్పట్లో మాటలు కాదు.

ఆ గవర్నరు కుర్చీ సంగతి చూడండి. అప్పట్లో నాలుగేళ్లే, వరసగా రెండోసారి పోటీకి వీల్లేదు, పైగా వీటో అధికారం కూడా లేదు. కమ్యూనిస్టులెవరూ ప్రభుత్వ క్యాంపస్‌లలో మాట్లాడకూడదని 1963లో శాసనసభ చట్టం చేసేస్తే ఆపడానికి ఈయన చేతిలో ఏమీ లేకపోయింది (నార్త్ కరొలైనా గవర్నరుకి వీటో వచ్చింది 1997లో!). అలాంటి పదవిలో కూర్చుని బడులకి డబ్బు కావాలని తిండి సరుకుల మీద కూడా 3 శాతం అమ్మకం పన్ను వేయించారు. బియ్యం పప్పుల మీద పన్నంటే పేదవాడి మీద పడేదే, దాన్ని నేను ఇవాళ్టికీ సమర్థించలేను. కానీ ఆ డబ్బు టీచర్ల జీతాలకీ కొత్త టీచర్లకీ వెళ్లిందన్నదీ నిజమే. తిట్లన్నీ ఆయనే పడ్డారు. కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల స్థానిక కాలేజీలు) వ్యవస్థ 1963లో ఏర్పడింది, ఇవాళ 58 ఉన్నాయి. కేరీలోనూ మోరిస్‌విల్‌లోనూ ఉండే మనవాళ్లకి అక్కడి కమ్యూనిటీ కాలేజీ వేక్ టెక్ గురించి నేను చెప్పక్కర్లేదు. పరిశోధన సంస్థలూ కంపెనీలూ ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు మొదలైంది ఆయనకంటే ముందే, అంతకుముందు గవర్నరు ల్యూథర్ హోడ్జెస్ హయాంలో. కానీ ఐబీఎమ్ అక్కడికి వస్తున్నామని చెప్పింది 1965లో, ఈయన దిగిపోయిన ఏడాదే, అంతకుముందు చాలా ఏళ్లు అది ఎక్కువగా పైన్ చెట్లే. మనలో సగంమందికి ఉద్యోగాలిచ్చిన చోటు అది.

1963 జనవరిలో ఉద్యోగాల్లో రంగు చూడ్డం ఆపండి అని రాష్ట్రానికి బహిరంగంగా చెప్పి, దానికోసం గుడ్ నైబర్ కౌన్సిల్ పెట్టారు. దక్షిణాదిలోనే ఉన్న అలబామాలో జార్జ్ వాలెస్ అదే నెలలో గవర్నరుగా ప్రమాణం చేస్తూ నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరుగా ఉంచడం ఎప్పటికీ ఉంటుందని అరిచాడని గుర్తుంచుకుంటే ఈ మాట బరువు తెలుస్తుంది. 1972లో దేశాధ్యక్ష పదవికి ప్రయత్నించినప్పుడు సొంత రాష్ట్రం ప్రైమరీలోనే ఆ వాలెస్ చేతిలో ఓడిపోయారు. చేదుగా ఉంటుంది గానీ జరిగింది అదే.

డ్యూక్‌కి వచ్చింది 1970 ఏప్రిల్‌లో. అంతకు ఏడాది ముందే నల్లజాతి విద్యార్థులు ఆలెన్ బిల్డింగ్ (ప్రెసిడెంటు ఆఫీసు ఉన్న భవనం) ఆక్రమించడం, పోలీసులు టియర్ గ్యాస్ కొట్టడం, పాత ప్రెసిడెంటు రాజీనామా, అన్నీ అయిపోయాయి. ఈయన వచ్చిన నెలకే ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న విద్యార్థుల మీద కాల్పులు, మళ్లీ గొడవ. ఆలెన్ బిల్డింగ్ ఆక్రమిస్తామని పిల్లలంటే, నెలరోజులుగా నేనూ అదే ప్రయత్నంలో ఉన్నాను, కానివ్వండి అన్నారని సీనియర్లు చెప్పుకుని నవ్వేవాళ్లు.

అన్నిసార్లూ ఆ నేర్పు పనిచేయలేదు. మన లా స్కూల్లోనే చదివిన మాజీ దేశాధ్యక్షుడు నిక్సన్ పేరు మీద కట్టే లైబ్రరీని డ్యూక్‌కి తేవాలని 1981లో ఆయన ఉత్సాహపడితే ప్రొఫెసర్లు మండిపడ్డారు, అకడమిక్ కౌన్సిల్‌లో 35-34తో వీగిపోయింది. ఆ లైబ్రరీ చివరికి కాలిఫోర్నియాలో కట్టారు.

నేను కళ్లారా చూసింది 1984 జనవరి. మేరీలాండ్ యూనివర్సిటీతో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో మన విద్యార్థులు అవతలి ఆటగాడొకడి మీద లోదుస్తులూ ఇంకా ఏవేవో విసిరి, బూతులు అరిచి, దేశమంతా పరువు తీశారు. ఎవర్నైనా సస్పెండ్ చేస్తారని అందరం టెన్షన్‌గా చూస్తుంటే విద్యార్థులందరికీ ఒక ఉత్తరం వచ్చింది. ఇంట్లో పెద్దాయన మందలించినట్టు, మీరు తెలివైనవాళ్లు, బూతుల్లేకుండా కూడా గోల చేయొచ్చు కదా అని, కింద సంతకం ‘అంకుల్ టెర్రీ’. తర్వాత చాపెల్ హిల్‌తో మ్యాచ్, మైఖేల్ జోర్డన్ ఆడిన టీము. టికెట్లు దొరక్క టీవీలో చూశాం. మన బాస్కెట్‌బాల్ స్టేడియం కామెరన్‌లో పిల్లలంతా హ్యాంగర్లకి అల్యూమినియం రేకు చుట్టి దేవతల్లా తలవెనక చక్రాలు పెట్టుకుని, రిఫరీ నిర్ణయం నచ్చనప్పుడల్లా ‘మేం సవినయంగా విభేదిస్తున్నాం’ అని కోరస్‌గా అరిచారు. మ్యాచ్ పోయింది, అది వేరే సంగతి.

1985లో డ్యూక్ ప్రెసిడెంటుగా దిగిపోయారు, 1986లో రిపబ్లికన్ జేమ్స్ బ్రాయ్‌హిల్‌ని ఓడించి అరవై తొమ్మిదేళ్ల వయసులో సెనేటరయ్యారు. నిజం చెప్పాలంటే అక్కడ ఆయన అంతగా రాణించలేదు. 1987లో దేశాధ్యక్షుడు రీగన్ హైవే బిల్లుని వీటో చేస్తే, డెమోక్రాట్లలో ఈయనొక్కరే మొదట రీగన్‌కి అనుకూలంగా ఓటేసి, మర్నాడు మార్చుకున్నారు. 67-33తో బిల్లు వీటోని దాటి గట్టెక్కింది గానీ ఈయనకి తడబాటు మనిషని పేరొచ్చింది. తనే నిర్ణయించి, తనే పిలిచి మాట్లాడి, తిట్లు తనే పడటం అలవాటైన మనిషి వందమందిలో ఒకరిగా కూర్చుంటే అంతే అవుతుందేమో. గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేయడం మాత్రం నాకు నచ్చింది. 1992లో ప్రచారం మధ్యలోనే గుండె ఆపరేషన్ అయింది, ఓడిపోయారు. ఓడించిన లాచ్ ఫెయిర్‌క్లాత్ ఒకప్పుడు ఈయన గవర్నరుగా ఉండగా హైవే కమిషన్‌లో ఉన్నవాడే, తర్వాత పార్టీ మారాడు.

ఆ తర్వాత డర్హమ్‌కే వచ్చి మళ్లీ డ్యూక్‌లో పాఠాలు చెప్పారు, 1998లో పోయేదాకా ఈ ఊరు వదల్లేదు. ఆ క్లాసుల్లో కూర్చున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చే సంచికకి రాయండి, ఈసారి బాస్కెట్‌బాల్ వ్యాసాలు ఎలాగూ ఎక్కువే వచ్చాయట.