ఒక్కడే తినేవాడు

ఋగ్వేదం పదో మండలంలో 117వ సూక్తం మొత్తం అన్నం పెట్టడం గురించే. మొదటి మంత్రమే గట్టిగా తగులుతుంది: దేవతలు మనిషికి ఆకలినొక్కదాన్నే చావుగా ఇవ్వలేదు, కడుపునిండా తిన్నవాడికీ చావు తప్పదు అని. ఆరో మంత్రానికి వచ్చేసరికి ఋషికి కోపం వచ్చినట్టే ఉంటుంది. దేవుడికీ పెట్టక, స్నేహితుడికీ పెట్టక తినేవాడికి దొరికిన అన్నం వ్యర్థం, నిజం చెబుతున్నాను, అది వాడి పాలిట చావే అంటాడు. చివరగా "కేవలాఘో భవతి కేవలాదీ". ఒక్కడే తినేవాడు పాపాన్నీ ఒక్కడే మోస్తాడు. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిందీ ఇంచుమించు ఇదే: తమ కోసమే వండుకునేవాళ్లు పాపాన్నే తింటున్నారు.

మా ఇంట్లో ఈ మంత్రం ఎవరూ చదవగా నేను వినలేదు. కానీ భోజనాల బంతి నడిచే తీరంతా దీని ప్రకారమే ఉండేది. తాతయ్య పీట మీద కూర్చుని విస్తరి చుట్టూ నీళ్లు తిప్పేవారు. పగలైతే "సత్యం త్వర్తేన పరిషించామి", రాత్రయితే "ఋతం త్వా సత్యేన పరిషించామి". అరచేతిలో ఉద్ధరిణెడు నీళ్లు పోసుకుని "అమృతోపస్తరణమసి" అని తాగి, ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా అంటూ ఐదు ప్రాణాలకూ నెయ్యి తగిలిన మెతుకులు వేసుకునేవారు. పంటికి తగలకుండా మింగాలట. పిల్లలం ఆ మెతుకుల వంకే చూస్తూ కూర్చునేవాళ్లం. ముద్దపప్పు మీద నెయ్యి కరుగుతూ ఉంటుంది, ఆవకాయ ఎర్రగా పక్కనే ఉంటుంది, చెయ్యి పెట్టడానికి లేదు! చిట్టచివర కూర్చున్నవాడి విస్తట్లో కూడా నెయ్యి పడాలి, తాతయ్య ఔపోసన పట్టాలి, అప్పుడు మొదలు.

లేవడానికీ అంతే. మా పెద్దనాన్న మజ్జిగన్నం దగ్గర స్థిమితపడే మనిషి. ఆయన నంజుకునే మాగాయ ముక్క అయ్యేదాకా అందరి చేతులూ ఎండిపోవాల్సిందే. మధ్యలో లేస్తే బంతి చెడుతుందనేవారు. అప్పుడది చాదస్తంగా అనిపించేది. నెమ్మదిగా తినేవాడి కోసం పదిమంది ఆగడం అనే మర్యాద అందులో ఉందని ఇప్పుడు తోస్తోంది.

అయితే ఆ రోజుల్ని తలచుకుని మురిసిపోయేటప్పుడు మనం ఒక మనిషిని వదిలేస్తాం. మా నాయనమ్మ. అందరి దగ్గరికీ వచ్చి "మారు వేయనా, ఇంకాస్త పులుసు?" అని అడిగిన మనిషి, మూడు గంటలకి వంటింట్లో గోడకి ఆనుకుని, గిన్నె అడుగున మిగిలిన పప్పుతో ఒక్కతే తినేది. మంత్రం లెక్కన చూస్తే ఆ ఇంట్లో రోజూ ఒంటరిగా తిన్నది ఆవిడే. ఆ పాపం ఆవిడ ఖాతాలో ఎలా వేస్తాం? ముందే తిని చెయ్యి కడుక్కున్న బంతిది అది. ఇక పొలం పనులు చేసేవాళ్లకి భోజనం పెరట్లో, విడిగా. పక్కన ఎవరు కూర్చోవచ్చో కులం ముందే తేల్చేసేది.

ఈ హద్దు అందరికీ సహజంగా అనిపించిందని కూడా అనలేం. పన్నెండో శతాబ్దపు పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు నడిపించాడని చెబుతారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నవాడాయన. నాగులేరు ఒడ్డున కారంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ మందపోరు అనే మూడో రోజున చాపకూడు చేస్తారు. ఔపోసన మంత్రం స్పష్టంగా పలికిన మా ఇంటికన్నా ఆ చాప ఈ సూక్తానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం కూడా ఆ వరసలోదే. గోవిందా అని ముద్ద ఎత్తేటప్పుడు పక్కవాళ్లది ఏ ఊరో కూడా తెలియదు.

ఇప్పటి ఇళ్ల సంగతి చెప్పాల్సిన పని లేదు. ఒకరిది నైట్ షిఫ్ట్, ఒకరికి ట్యూషన్, ఎవరి కంచం వాళ్లది, ఎవరి ఫోన్ వాళ్లది. రోజూ బంతి అంటే కుదరదు.

మా ఇంట్లో ఆదివారం రాత్రి మాత్రం గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసి అందరం ఒకేసారి కూర్చుంటున్నాం, అమ్మతో సహా. మొదట్లో అమ్మ ఒప్పుకోలేదు. "మరి వేడివేడిగా అప్పడాలు ఎవరు వేయిస్తారు?" అంది. ముందే వేయించి డబ్బాలో పెడుతున్నాం. మెత్తబడిపోతున్నాయని నాన్న ప్రతివారం సణుగుతారు, అమ్మ లేవబోతుంది, పక్కనే కూర్చున్న మా అమ్మాయి కొంగు పట్టుకుని కూర్చోబెడుతుంది.